ధర్పల్లి మైదానమున చిర్రగోనె



విద్యానిధినిగూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ములను కోరిరి. ఆ విషయమున మాకంటె నెరిగినవారీ వేదికపై నున్నారు. కావున మేము చిర్రగోనెనుగూర్చి చెప్పెదము. నవ్వువారు నవ్వుదురుగాక.

కోస్తావారు బిళ్ళంగోడనునది మన చిర్రగోనెయే. సంస్కృతభారతమున ఆదిపర్వమందు కురుకుమారులు వీట యను కొయ్యబిళ్ళతో నాడుచుండ నది బావిలో బడెననియు, ద్రోణుడు గడ్డిపుల్లలతో దానిని పైకి దీసెననియు నున్నది. ఆ బిళ్ళ బావిలో బడకున్నచో ఆచార్యునకు కొలువెట్లు దొరకెడిదో!

1960 ప్రాంతమున ధర్పల్లిలో మాకు ఆచార్యుడు లేడు. వడ్లవారి యింటిముందు పడియున్న తుమ్మకొయ్య ముక్కయే చాలును. జానెడు చిర్రకు రెండుకొనలను చెక్కి, మూరెడు గోనెను చేబూని మైదానమునకు పరుగిడెడివారము. గుంటపై చిర్రనడ్డముగా నుంచి గోనెతో నెత్తి విసరుట. నేలబడకముందే ఎదుటివాడు పట్టినచో ఆటగాడు వెడలుట. పట్టకున్నచో గుంటపై బెట్టిన గోనెకు గురిచూచి విసరుట. గురి తప్పినచో చిర్రకొనపై దట్టి, గాలిలోనికి లేచినదానిని కొట్టి, ఆ దూరమును గోనెతో కొలిచెడివారము. ఆ కొలతలో జరిగిన తగవులు మన సంఘపు లెక్కల తనిఖీయందును మేము చూచి యెరుగము! ఓడినవాడు గుక్కతిప్పక కూతబెట్టుచు గుంటదాక పరుగిడవలెను.

వేసవిలో బోధను బంధువులయింటి కేగెడివారము. 1937లో నెలకొల్పబడి 2015 చివర మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము ఆనాడు నిండుగా నుండెను. శక్కర్‌నగరు బాలురు క్రికెట్టాడుచు మా గోనెను చూచి నవ్విరి. ఒక పూట గడచునప్పటికి, తమకును చిర్ర చెక్కియిమ్మని వారే వేడిరి.

ఇటీవల అమెరికాలోని మా మనుమడు బేస్‌బాలాడుచుండగా చూచితిమి. పిల్లలకొరకు 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రమున లిటిల్ లీగను పేర నారంభమైన పోటీలు నేడు దేశదేశములకు వ్యాపించినవట. కఱ్ఱతో కొట్టుట, గాలిలో పట్టుబడిన వెడలుట చూచి, "ఇది మన చిర్రగోనెకు చుట్టమేరా" యంటిమి. "తాతా, మీ టీములో అందరికన్న గట్టిగా కొట్టేదెవరు?" అని వాడడిగెను. మాకు నోట మాట రాలేదు.

గట్టిగా కొట్టువాడు మా యింటి జీతగాని కుమారుడు. వాని చిర్ర చెరువుకట్ట దాటెడిది. జట్టులు పంచుకొనునపుడు వానికొరకే కొట్లాట. దప్పికైనపుడు మాత్రము మేము బావిలో చేదుకొని త్రాగెడివారము. వాడు దూరమున దోసిలి పట్టిన, పైనుండి పోసెడివారము. ఒకనాడు వాడు, "మీ చిర్ర ముట్టంగ లేని మైల బొక్కెన ముడితె ఎట్లొస్తది?" అనెను. "మా అమ్మ కొడ్తది" అంటిమి. మరునాటినుండి వాడాటకు రాలేదు. మేమును పిలువబోలేదు.

ఆ మైదానము చుట్టు ప్రహరీగోడ కట్టి, మన కులపు బాలురకే ప్రత్యేకింపవలెనని నేటి తీర్మానములలో నొకటి కలదు. భవనము కట్టుడు, వసతిగృహము కట్టుడు. పోషకుల ఔదార్యమునకు మా నమస్కారము. గోడకుమాత్రము మేము చేయెత్తజాలము. దానికై మా పేర వ్రాసిన చందాను, మైదానమున నెల్లరును త్రాగునట్టి మంచినీటి కుళాయికి మార్చవలసినదిగా కోశాధికారిగారిని కోరుచున్నాము.