తూకపు రాయికి ముద్ర ఉంది, కంప్యూటర్‌కు ఏది?

(ముస్లిం యువజనుల సదస్సులో ఒక కంప్యూటర్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'సాంకేతిక విజ్ఞానం - మన హక్కులు'. ఇది విని నిన్న ఒక పెద్దాయన నన్ను అడిగారు: "మాస్టారూ, తిండి సమస్యలు, ఉద్యోగాల సమస్యలు ఇన్ని ఉండగా కంప్యూటర్ల ముచ్చట మనకెందుకు?" ఆ ప్రశ్న సమంజసమైనదే. మన కుర్రాళ్ళు ఇషా నమాజు అయ్యాక హోటల్లో ఛాయ్ ముందు పెట్టుకుని కొత్త ఫోన్ల గురించి, లినక్స్ గురించి, కృత్రిమ మేధ గురించి, ఆనాటి వార్తల గురించి గంటల తరబడి వాదించుకుంటారు. పెద్దలకు అది కాలక్షేపంగానే కనబడుతుంది. నేను ఈ వేళ మనవి చేయదలచినది ఒక్కటే. ఛాయ్ హోటల్లోని ఆ ముచ్చటకూ, మన ఇంటి బియ్యం డబ్బాకూ ఇప్పుడు సంబంధం ఏర్పడింది.

ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఇళ్ళలో పనిచేసుకుని బ్రతికే ఒక సోదరి రేషన్ కార్డు రద్దయింది. చదువుకున్నవాణ్ణని నన్ను వెంట రమ్మంది. కార్యాలయంలోని ఉద్యోగి మర్యాదస్థుడే. తెర మీద చూసి, "మీ ఆయన పేరు మీద కారు ఉందని వస్తోందమ్మా" అన్నాడు. ఆమె ఏడవవలసిన చోట నవ్వింది. ఆమె భర్తకు సైకిలు కూడా లేదు. "ఈ సంగతి ఎవరు చెప్పారు?" అని నేనడిగాను. "సిస్టమ్‌లో వచ్చింది సార్, నా చేతుల్లో ఏమీ లేదు." "సిస్టమ్‌లో ఎవరు పెట్టారు?" "అది పైనుంచి వస్తుంది." ఆ పైన ఎవరున్నారో పాపం ఆయనకూ తెలియదు. తీర్పు వచ్చింది గానీ తీర్పరి ఎవరో తెలియలేదు. వాదన వినిపించుకోవడానికి కిటికీ లేదు. ఆమె ఇంటికి వచ్చి ఆ నెల బియ్యం బజారు ధరకు కొనుక్కున్నది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఉంది. దాదాపు ముప్పై శాఖల సమాచారాన్ని, అంటే వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తి పన్ను, విద్యుత్ బిల్లుల వంటి వాటిని ఒకచోట చేర్చి, ఫలానా కుటుంబం సంక్షేమ పథకానికి తగునా తగదా అని అది సూచిస్తుంది. 2014, 2019 సంవత్సరాల మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా ఆదేశించింది. పరిశీలన పూర్తయిన దరఖాస్తుల్లో నూటికి కనీసం ఏడున్నర అర్హమైనవేనని తేలింది. పదిహేను వేలకు పైగా కుటుంబాలన్న మాట.

ఏడున్నర శాతం చిన్న అంకె కదా అని ఎవరైనా అనవచ్చు. పరీక్షలో నూటికి తొంభై రెండున్నర మార్కులు వస్తే పిల్లవాణ్ణి మెచ్చుకుంటాం. కానీ అన్నం విషయంలో ఆ లెక్క చెల్లదు. పొరపాటున కార్డు పోయిన ఇంట్లో పొరపాటు నూటికి నూరు శాతమే.

ఇటువంటి పొరపాటు ఎలా జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. మన పేర్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. కోస్తాలో ఒకే వీధిలో ముగ్గురు షేక్ మస్తాన్‌లు ఉంటారు. పాతబస్తీలో ఒకే గల్లీలో నలుగురు సయ్యద్ అలీలు ఉంటారు. ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు జాబితాలో ఎం.డి., బ్యాంకు పుస్తకంలో మహమ్మద్. మన స్త్రీల పేరు చివర ఒక కాగితంలో బీ, మరొక కాగితంలో బేగం. వీధిని ఎరిగిన మనిషి ఎన్నడూ తికమకపడడు. మన పోస్టుమ్యాన్‌కు కుట్టుమిషను మస్తాన్ ఎవరో, ఆటో మస్తాన్ ఎవరో తెలుసు. యంత్రానికి వీధి తెలియదు. అది రెండు పేర్లలోని అక్షరాలను, తండ్రి పేరును, చిరునామాను పోల్చి కొన్ని మార్కులు వేస్తుంది. ఆ మార్కులు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకే మనిషి అని నిర్ణయిస్తుంది. ధ్వనిని బట్టి పేర్లను పోల్చే పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు ఇచ్చారు. నాటి నుంచి ఎన్ని మెరుగులు దిద్దినా ఆ గీత మాత్రం ఎక్కడో ఒకచోట గీయక తప్పదు.

ఆ గీతను గీసేది యంత్రం కాదు, మనిషి. గీతను కిందికి దించితే రిక్షావాలా, కారు యజమాని ఒక్కటైపోతారు. పైకి జరిపితే ఒకే ఆసామి ఇద్దరుగా చెలామణీ అవుతాడు. ఏ పొరపాటును భరించాలి, దాని భారం ఎవరి మీద పడాలి అన్నది సాంకేతిక ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒక సయ్యద్ గారి భార్యకు, ఆయన పేరును పోలిన మరొకరికి కారు ఉన్న పాపానికి కార్డు నిరాకరించిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. అయితే ఈ గీత ఎక్కడ గీశారో సామాన్యునికి తెలిసే దారి లేదు. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ ఒక ప్రైవేటు సంస్థ సొత్తు. దాని సోర్స్ కోడ్, అంటే యంత్రానికి రాసిన ఆదేశాల ప్రతి, ప్రజల ముందు లేదు.

ఇక్కడ మీరు ఒక్కసారి రేషన్ దుకాణాన్ని తలచుకోండి. అక్కడ కాటా ఉంటుంది. దానికి తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉండాలి. గడువు దాటితే మళ్ళీ తనిఖీ జరగాలి. ముద్ర లేని కాటాతో తూచడం నేరం. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. పూర్వపు ఇస్లామీ నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరుగుతూ తూకపు రాళ్ళను, కొలపాత్రలను పరీక్షించేవాడు. వర్తకుడు ఎంత నమ్మకస్థుడైనా రాయిని చూపించవలసిందే. అయిదు కిలోల బియ్యం తూచే కాటాకు ఇంత కట్టడి ఉన్నది. అసలు ఆ కాటా ముందు నిలబడే అర్హత మనకు ఉందో లేదో తూచే సాఫ్ట్‌వేర్‌కు ముద్ర ఏది? దాన్ని తనిఖీ చేసే ముహ్తసిబ్ ఎవరు?

ఓపెన్ సోర్స్ అనే మాటకు అసలు ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉన్నది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్‌కు ఒక ప్రింటర్‌తో చిక్కు వచ్చింది. కాగితం ఇరుక్కుపోయేది. కొద్దిగా కోడ్ మార్చితే ఇబ్బంది తీరుతుంది. కానీ కోడ్ ఇచ్చేవారు లేరు. తన గదిలోని యంత్రాన్ని తాను బాగు చేసుకునే హక్కు తనకు లేకపోవడమేమిటని ఆయన ఆగ్రహించారు. 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని ప్రకటించారు. వాడుకునే స్వేచ్ఛ, లోపల చూసే స్వేచ్ఛ, మార్చుకునే స్వేచ్ఛ, పంచుకునే స్వేచ్ఛ అని నాలుగు సూత్రాలు చెప్పారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకం ముందుంచారు. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు ఈనాడు దాని మీదనే నడుస్తున్నాయి. మన హైదరాబాదులోనూ 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. స్టాల్‌మన్ అడిగింది ఒక కాగితం గురించి. మనం అడుగుతున్నది అన్నం గురించి.

యంత్రం మాటను ప్రశ్నించకపోతే ఏమవుతుందో ఇతర దేశాలు చూశాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ప్రభుత్వమిచ్చే సహాయంలో మోసాలను పసిగట్టడానికి పెట్టిన వ్యవస్థ, డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని కూడా అనుమానపు గుర్తుగా లెక్కించింది. వేలాది కుటుంబాలు మోసగాళ్ళుగా ముద్రపడి అప్పుల్లో కూరుకుపోయాయి. వారిలో వలస వచ్చిన కుటుంబాలే ఎక్కువ. నిజం బయటపడ్డాక 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. బ్రిటన్‌లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపిన తప్పుడు లెక్కల మూలంగా 900 మందికి పైగా తపాలా కార్యాలయాల నిర్వాహకులు దొంగతనం, మోసం వంటి నేరాలకు శిక్షలు పొందారు. కొందరు జైలుకు వెళ్ళారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. రెండు చోట్లా బాధితులు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. యంత్రాన్ని నమ్మినవారు మనుషులను నమ్మలేదు.

మన వీధుల్లో ఇప్పుడు ముఖాలను గుర్తుపట్టే కెమెరాల మాట కూడా వినబడుతున్నది. 2021 మే నెలలో లాక్‌డౌన్ వేళ హైదరాబాదు పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసింది కూడా ఈ మసూద్ గారినే. దానిపై ఆయన వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. ఇటువంటి సాఫ్ట్‌వేర్లను పరీక్షించిన జాయ్ బువోలమ్విని అనే పరిశోధకురాలు 2018లో ఒక సంగతి వెల్లడించారు. ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పడంలో తెల్లని పురుషుల విషయంలో ఒక శాతం కూడా పొరబడని యంత్రం, నల్లని స్త్రీల విషయంలో 34 శాతానికి పైగా పొరబడింది. ఆమె కొలిచారు కనుక ఆ లోపం లోకానికి తెలిసింది.

కోడ్ తెరిచి పెడితే మోసగాళ్ళు తప్పించుకునే దారులు వెతుకుతారని కొందరంటారు. అర్హత నియమాలు ఇప్పటికే ప్రభుత్వ ఉత్తర్వుల్లో అందరికీ తెలిసేలా ఉన్నాయి. నియమం బహిరంగమైనప్పుడు, ఆ నియమాన్ని అమలు చేసే పద్ధతి రహస్యమెందుకు? కేంద్ర ప్రభుత్వమే 2015లో ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే విధానాన్ని ప్రకటించింది. 2020 మే నెలలో ఆరోగ్యసేతు యాప్ కోడ్‌ను బహిరంగపరచింది. కనుక ఇది అసాధ్యం కాదు.

అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. తెరిచి ఉన్నంత మాత్రాన ఏదీ పవిత్రం కాదు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి ఒకటిన మరొకసారి ముస్లిం మహిళల ఫొటోలను 'వేలం' వేసిన దుర్మార్గపు యాప్‌లను ఉంచినది ఓపెన్ సోర్స్ వారి కూడలి అయిన గిట్‌హబ్‌లోనే. ఆ సోదరీమణులు సిగ్గుతో తలుపులు మూసుకుని కూర్చోలేదు. ఫిర్యాదులు చేశారు, గొంతెత్తారు, నిందితులు అరెస్టయ్యారు. పనిముట్టు ఎవరి చేతికైనా వస్తుంది. జవాబుదారీతనం మాత్రం మనం అడిగితేనే వస్తుంది.

ఇక మన బాధ్యత. మొదటిది, కార్డు గానీ పింఛను గానీ ఆగిపోయినప్పుడు నోటిమాటతో వెనుదిరగవద్దు. సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయానికి కారణాలను బాధితునికి తెలియజేయడం ప్రభుత్వ కార్యాలయం విధి. కారణం రాతపూర్వకంగా అడగండి. రెండవది, ఏయే శాఖల సమాచారం చూశారు, ఏ పేరుతో పోల్చారు, రద్దుకు ముందు ఇంటికి వచ్చి విచారించినది ఎవరు అని ప్రశ్నించండి. వ్యాపార రహస్యమని జవాబు వస్తే, విశాల ప్రజా ప్రయోజనం ఉన్నప్పుడు దాన్ని వెల్లడించవచ్చునని సెక్షన్ 8(1)(డి) లోనే ఉన్నదని గుర్తుచేయండి. మూడవది, ఆహార భద్రతా చట్టం-2013 కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నారు. ఆ తలుపులు తట్టండి. నాల్గవది, ఇంట్లో అందరి కాగితాలూ ముందేసుకుని పేర్ల అక్షరాలు సరిచూసుకోండి. తేడా ఉంటే అవసరం రాకముందే సవరించుకోండి.

యువకులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ వాదనలు ఆపమని నేననను. వారానికి ఒక్క సాయంత్రం ఆ ఛాయ్ బల్లనే మొహల్లా సహాయ కేంద్రంగా మార్చండి. మీలో కోడ్ చదవగలవారున్నారు, దరఖాస్తు రాయగలవారున్నారు. ఆ బల్ల ముందుకు వచ్చేవారిలో షేక్ మస్తాన్ ఉంటాడు, ఎల్లయ్య ఉంటాడు, లక్ష్మమ్మ ఉంటుంది. ఎవరినీ మతం అడగవద్దు. యంత్రం చేసే పొరపాటు పేదవారందరి మీదా పడుతున్నది. వచ్చినవారి ఆధార్ ప్రతులను మీ ఫోన్లలో ఉంచుకోవద్దు. ప్రభుత్వాన్ని అడిగే నిజాయితీని ముందు మనం పాటించాలి.

మా వీధి సోదరి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు నన్ను వదలరు. రాతపూర్వకంగా కారణం అడిగాం. జవాబుకు చాలా నెలలు పట్టింది. చివరకు ఒక ఉద్యోగి ఇంటికి వచ్చాడు. రేకుల ఇల్లు చూశాడు, లోపలికి తొంగి చూశాడు. "కారు ఎక్కడ?" అని అడగవలసిన అవసరం ఆయనకు కలగలేదు. కార్డు తిరిగి వచ్చింది. కానీ మధ్యలో పోయిన నెలల బియ్యం రాలేదు. ఆయన ఆ వచ్చేదేదో కార్డు తీసివేయడానికి ముందే వచ్చి ఉంటే సరిపోయేది. మన పోరాటమంతా ఆ ఒక్క రాక కోసమే.