ఒక కుర్చీ, ముగ్గురు గవర్నర్లు, ఒక ముద్ర
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత సబ్ ట్రెజరీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించో అనుకున్నాను. "అవి ఎలాగూ తీర్మానాల్లో వస్తాయండీ. మీరు అమెరికాలో ఆరు నెలలుండి వచ్చారు కదా, అక్కడి సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. సరేనన్నాను. అయితే అక్కడి రోడ్లు, పెద్ద దుకాణాలు, మంచు ఇవన్నీ మీలో చాలామంది చూసి వచ్చినవే. అంచేత ఒక ఎన్నిక కథ చెబుతాను. ఇది 1946 నాటిది. జార్జియా రాష్ట్రంలో జరిగింది.

మా అమ్మాయి వాళ్ళు అట్లాంటా దగ్గర ఉంటారు. ఒక శుక్రవారం మా అల్లుడు సెలవు పెట్టి రాష్ట్ర కేపిటల్ భవనం చూపించాడు. పైన గుమ్మటానికి బంగారు రేకు తాపడం చేసి ఉంటుంది. శాసనసభ, గవర్నరు కార్యాలయం రెండూ ఆ భవనంలోనే. అక్కడ విన్న ఒక ముక్క నన్ను పట్టుకుంది. ఒకప్పుడు ఈ భవనంలో ముగ్గురు గవర్నర్లు ఒకే కుర్చీ నాదంటే నాదన్నారనీ, అప్పుడు ఒక అధికారి రాష్ట్ర ముద్రను తన చక్రాల కుర్చీలో దిండు కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడనీ. ట్రెజరీలో పనిచేసిన వాడికి ఒక జబ్బుంటుంది. ఏ కథ విన్నా ముద్ర ఎక్కడుంది, తాళం చెవి ఎవరి దగ్గరుంది అని అడుగుతాడు. ఇంటికి వచ్చాక మనవరాలి చేత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివాను.

ముందు ఒక సంగతి. అక్కడ గవర్నరంటే మన గవర్నరు వంటివాడు కాడు. పరిపాలన మొత్తం ఆయనదే, మన ముఖ్యమంత్రి లాగా. ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను, అటార్నీ జనరల్‌ను, ట్రెజరర్‌ను కూడా ఓట్లతోనే ఎన్నుకునేవారు. 1945లో కొత్త రాజ్యాంగం రాసుకుని, లెఫ్టినెంట్ గవర్నరు అనే పదవి కొత్తగా పెట్టారు. 1946లో ఆ పదవికి మొదటిసారి ఎన్నిక. గవర్నరుగా ఉన్న ఎల్లిస్ ఆర్నాల్ మళ్ళీ వెంటనే పోటీ చేయడానికి నిబంధన ఒప్పుకోదు. ఆయన గురించి ఒక మంచిమాట చెప్పాలి. ఓటు వయస్సు 18 ఏళ్ళకు తగ్గించిన మొదటి రాష్ట్రం జార్జియా, అది 1943లో ఆయన హయాంలోనే. ఓటుకు ముందు కట్టవలసిన తలపన్నును కూడా 1945లో ఎత్తివేయించారు.

ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీ తప్ప వేరే పార్టీ పేరుకే ఉండేది. కనుక పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికే అసలు ఎన్నిక. నవంబరులో జరిగేది తంతు. ఆ ప్రైమరీలో నల్లవారిని ఓటు వేయనిచ్చేవారు కాదు. పార్టీ అనేది మా సొంత క్లబ్బు, సభ్యులెవరో మా ఇష్టం అనేది వాళ్ళ వాదన. కొలంబస్ ఊళ్ళో ప్రైమస్ కింగ్ అనే ఆయన ఉండేవాడు. క్షౌరవృత్తి చేస్తూ చర్చిలో బోధకుడుగా కూడా ఉన్న మనిషి. 1944 జూలై 4న, అంటే వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడే, పోలింగు చోటికి వెళితే గెంటివేశారు. ఆయన కోర్టుకెక్కాడు. 1946 నాటికి ఆ కేసు గెలిచింది. దాంతో లక్షకు పైగా నల్లవారు ఓటర్లుగా నమోదయ్యారు.

ఇది గిట్టనివారి తరఫున నిలబడినవాడు యూజీన్ టాల్మడ్జ్. అంతకుముందే గవర్నరుగా చేసినవాడు. రైతుల మనిషినని చెప్పుకునేవాడు, భుజాల మీదుగా ఎర్ర పట్టీలు వేసుకుని గొంతు చించుకుని మాట్లాడేవాడు. తెల్లవారి ప్రైమరీని మళ్ళీ తెస్తానన్నది ఆయన ప్రచారం. ఎదుటి అభ్యర్థి జేమ్స్ కార్మైకేల్, యుద్ధకాలంలో బాంబర్ విమానాల కర్మాగారం నడిపిన పెద్దమనిషి. టాల్మడ్జ్ మనుషులు కౌంటీలలో అభ్యంతరాల ఫారాలు దాఖలు చేసి వేలాది నల్లవారి పేర్లు జాబితాల్లోంచి తీయించారు.

జూలై 17న ప్రైమరీ జరిగింది. కార్మైకేల్‌కు టాల్మడ్జ్ కన్నా సుమారు 16 వేల ఓట్లు ఎక్కువ వచ్చాయి. గెలిచింది మాత్రం టాల్మడ్జ్.

ఇదేం లెక్కండీ అంటారు. అక్కడ కౌంటీ యూనిట్ పద్ధతి ఉండేది. మొత్తం 159 కౌంటీలు. జనాభాలో పెద్దవైన 8 కౌంటీలకు ఆరేసి యూనిట్లు, తరువాతి 30కి నాలుగేసి, మిగిలిన 121 కౌంటీలకు రెండేసి. కలిపితే 410. కౌంటీలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే యూనిట్లన్నీ వారికే. ఈ పద్ధతి ఎంత అన్యాయమో చూపడానికి తరువాత కోర్టులో వచ్చిన ఒక లెక్క చెబుతాను. 1960 జనాభా లెక్కల ప్రకారం అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో 5,56,326 మంది, ఎకోల్స్ అనే చిన్న కౌంటీలో 1,876 మంది. అక్కడ ఆరు యూనిట్లు, ఇక్కడ రెండు. ఎకోల్స్‌లో 938 మందికి ఒక యూనిట్, అట్లాంటాలో 92,721 మందికి ఒకటి. 1946లో టాల్మడ్జ్‌కు 242 యూనిట్లు, కార్మైకేల్‌కు 146 వచ్చాయి. ట్రాము బండ్లు తిరిగే కౌంటీ ఏదీ తనకు అక్కరలేదని టాల్మడ్జ్ అనేవాడట. లెక్క తెలిసినవాడే.

టేలర్ కౌంటీలో మేసియో స్నైప్స్ అనే నల్లజాతి యువకుడు ఆ ప్రైమరీలో ఓటు వేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ రంగంలో సైనికుడుగా పనిచేసి క్షేమంగా తిరిగి వచ్చినవాడు. ఓటు వేసిన మర్నాడే తెల్లవారు ఇంటికి వచ్చి పిలిచి కాల్చారు. రెండు రోజులకు చనిపోయాడు. ఎవరికీ శిక్ష పడలేదు. ముగ్గురు గవర్నర్ల కథ చెప్పేవారు సాధారణంగా నవ్విస్తూ చెబుతారు, నేనూ కాస్త నవ్విస్తాను. కాని ఈ పేరు చెప్పకుండా ఆ కథలోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

ఇక నవంబరులో టాల్మడ్జ్ ఎన్నికయ్యాడు. లెఫ్టినెంట్ గవర్నరుగా ఎం.ఇ. థాంప్సన్ ఎన్నికయ్యాడు. అయితే టాల్మడ్జ్ ఆరోగ్యం అప్పటికే పాడైందని దగ్గరివారికి తెలుసు. వాళ్ళు రాజ్యాంగం తిరగేస్తే ఒక నిబంధన దొరికింది. ఎవరికీ మెజారిటీ రాకపోతే, ఎక్కువ ఓట్లు వచ్చిన వారిలో బతికి ఉన్న ఇద్దరిలోంచి శాసనసభ ఒకరిని ఎన్నుకోవచ్చునని. అంచేత ఎందుకైనా మంచిదని, బ్యాలెట్ మీద కొడుకు హెర్మన్ టాల్మడ్జ్ పేరు చేత్తో రాయమని కొందరికి రహస్యంగా చెప్పి ఉంచారు. 1946 డిసెంబరు 21న తండ్రి పోయాడు, ప్రమాణ స్వీకారం చేయకుండానే.

జనవరిలో శాసనసభ కూర్చుని లెక్క తీసింది. చేత్తో రాసిన ఓట్లలో కార్మైకేల్‌కు 669, బవర్స్ అనే మరొకాయనకు 637, హెర్మన్‌కు 617. అంటే హెర్మన్ మూడోవాడు, పోటీలోనే లేడు. ఇంతలో టాల్మడ్జ్‌ల సొంత కౌంటీ అయిన టెల్ఫెయిర్ నుంచి, వేరే కవరులో పడిపోయాయంటూ, 58 ఓట్లు దొరికాయి. హెర్మన్‌కు 675 అయ్యాయి, మొదటివాడయ్యాడు! తరువాత అట్లాంటా జర్నల్ పత్రిక విలేఖరి జార్జ్ గుడ్విన్ ఆ కౌంటీకి వెళ్ళి జాబితా చూస్తే, ఓటర్లు అక్షరక్రమంలో వచ్చి వరుసగా ఓటు వేసినట్టుంది. అందులో ఊరు విడిచి వెళ్ళినవారున్నారు, చనిపోయినవారున్నారు. మనం బతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప పెన్షను రాదు. టెల్ఫెయిర్ కౌంటీలో ఆ పేచీ లేదు! ఆ వార్తలకు గుడ్విన్‌కు 1948లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

1947 జనవరి 15, తెల్లవారితే అనగా, సుమారు రెండు గంటల వేళ శాసనసభ 161 - 87 ఓట్లతో హెర్మన్‌ను గవర్నరుగా ఎన్నుకుంది. వయస్సు 33. మందీ మార్బలంతో ఆర్నాల్ గది దగ్గరకు వెళ్ళి చార్జి ఇమ్మన్నాడు. సక్రమంగా ఎన్నికైనవాడు వచ్చేదాకా చార్జి ఇవ్వనన్నాడు ఆర్నాల్. తోపులాట జరిగింది. హెర్మన్ పోలీసులను పెట్టించి ఆఫీసు తాళాలు మార్పించాడు, గవర్నరు నివాసం స్వాధీనం చేసుకున్నాడు. మర్నాడు ఆర్నాల్ వచ్చి చూస్తే తన గదికి వేరే తాళం. ఆయన కింద గుమ్మటం నడిమి హాలులో, వచ్చేపోయేవారికి వివరాలు చెప్పే బల్ల దగ్గర కూర్చుని, ఇదే నా ఆఫీసన్నాడు. చార్జి రిపోర్టు మీద సంతకం లేకుండా కుర్చీలో కూర్చున్నవాడు ఒకడు, సంతకం చేయనని హాలులో కూర్చున్నవాడు ఒకడు. ఇంతలో జనవరి 18న థాంప్సన్ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశాడు. ఆర్నాల్ రాజీనామా ఇచ్చాడు, థాంప్సన్ తానే తాత్కాలిక గవర్నరునన్నాడు. ఇక థాంప్సన్, హెర్మన్ ఎవరికి వారు అధికారులను నియమించడం మొదలుపెట్టారు.

ఇక్కడ వస్తాడు మన మనిషి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ బెన్ ఫోర్ట్‌సన్. అంతకు చాలా ఏళ్ళ క్రితం కారు ప్రమాదంలో కాళ్ళు పోయి చక్రాల కుర్చీకి పరిమితమైనవాడు. రాష్ట్ర ముద్ర ఆయన అధీనంలోది. ఆ ముద్ర పడకపోతే ఏ ఉత్తర్వూ చెల్లదు. హెర్మన్ వైపు వారు అడిగారు, ఇవ్వలేదు. కోర్టు తేల్చేదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. ముద్ర ఎక్కడ దాచాడో అని అందరూ వెతుకుతుంటే, ఆయన దానిమీదే కూర్చుని ఉన్నాడు.

ఇది విన్నప్పుడు నాకు మా సొంత అనుభవం ఒకటి జ్ఞాపకం వచ్చింది. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో మా సబ్ ట్రెజరీ పరిధిలోని ఒక ఆఫీసుకు ఇద్దరు అధికారులు తయారయ్యారు. ఒకాయన బదిలీ ఉత్తర్వు పట్టుకొచ్చాడు, రెండో ఆయన స్టే తెచ్చుకున్నాడు. జీతాల బిల్లులు రెండు వచ్చాయి, రెండు రకాల సంతకాలతో. మా ఆఫీసరుగారు నమూనా సంతకాల పుస్తకం తీసి చూసి, స్పష్టమైన ఉత్తర్వులు వచ్చేవరకు చెల్లింపు నిలుపుదల అని రాసి రెండూ వాపసు పంపారు. రూలు ప్రకారం అది సరైన పనే, ఇప్పటికీ సరైనదే అంటాను. కాని ఆ ఆఫీసు అటెండరు రెండు నెలలపాటు మా కౌంటరు దగ్గరకు వచ్చి, "బాబూ, ఈవేళైనా పాసవుద్దా?" అని అడిగేవాడు. ఇద్దరు అధికారుల ఇళ్ళలోనూ పొయ్యి వెలుగుతూనే ఉంది. ముద్ర మీద కూర్చున్నవాడి ధైర్యం గొప్పదే, ఆ ధైర్యం ఖరీదులో కొంత మాత్రం ఎక్కడో ఒక అటెండరు చెల్లిస్తాడు. ఫోర్ట్‌సన్ కథ చదువుతున్నంతసేపూ నాకు ఆ మనిషే కనిపించాడు.

1947 మార్చి 19న జార్జియా సుప్రీంకోర్టు 5 - 2 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. చనిపోయినా సరే యూజీన్ టాల్మడ్జ్‌కు మెజారిటీ వచ్చింది గనుక, శాసనసభకు ఎన్నుకునే అధికారమే లేదన్నారు. వారసుడు వచ్చేదాకా పాత గవర్నరే ఉండాలి, ఆయన రాజీనామా చేశాడు గనుక థాంప్సన్ తాత్కాలిక గవర్నరు. హెర్మన్ మారు మాట్లాడకుండా కొద్ది గంటల్లోనే ఆఫీసు ఖాళీ చేశాడు. ఆ ఒక్క విషయంలో ఆయనను మెచ్చుకోవాలి. 1984 ఆగస్టులో హైదరాబాదు చూసినవారికి ఇది ఎంత పెద్ద మాటో తెలుసు.

అయితే కోర్టు తేల్చింది కుర్చీ ఎవరిదన్నదే. యూనిట్ల లెక్క అలాగే ఉండిపోయింది. 1948లో ప్రత్యేక ఎన్నిక పెడితే హెర్మన్ థాంప్సన్‌ను ఓడించి దర్జాగా గవర్నరు అయ్యాడు, తరువాత 24 ఏళ్ళు వాషింగ్టన్‌లో సెనేటరుగా ఉన్నాడు. చనిపోయినవారు ఓటు వేయడం కూడా ఆగలేదు. 1962లో ఒక వేరుశెనగ రైతు రాష్ట్ర సెనేటుకు పోటీ చేస్తే, క్విట్‌మన్ కౌంటీలో మళ్ళీ అక్షరక్రమంలో ఓట్లు పడ్డాయి. ఆయన ఊరుకోక కోర్టుకెక్కి గెలిచాడు. ఆయనే జిమ్మీ కార్టర్, 1978లో అధ్యక్షుడుగా మన దేశం వచ్చి వెళ్ళినాయన.

యూనిట్ పద్ధతిని 1962లో కింది కోర్టు కొట్టివేసింది. 1963 మార్చి 18న అమెరికా సుప్రీంకోర్టు గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో, మనిషికి ఒక ఓటే, అన్ని ఓట్లూ సమానమే అని ఖరారు చేసింది. ముగ్గురు గవర్నర్ల తీర్పుకు అప్పటికి 16 ఏళ్ళు, ఒక్క రోజు తక్కువ.

కేపిటల్ ఆవరణలో యూజీన్ టాల్మడ్జ్ విగ్రహం ఉంది. మా మనవరాలు దాని దగ్గర నన్ను నిలబెట్టి ఫోటో తీస్తానంది. అప్పటికి నాకు ఈ కథ తెలియదు, నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో అల్మరాలో ఉంది. స్నైప్స్ సంగతి చదివాక మనవరాలికి చెప్పాను. "ఆయన విగ్రహం ఎక్కడుంది తాతయ్యా?" అని అడిగింది. టేలర్ కౌంటీ ఎంత దూరమో మీ నాన్ననడుగు, ఈసారి వచ్చినప్పుడు వెళదామన్నాను.

బెన్ ఫోర్ట్‌సన్ 1979లో చనిపోయేదాకా అదే ఉద్యోగంలో ఉన్నాడు. రిటైర్ కాలేదు గనుక మన సంఘంలో సభ్యత్వానికి అర్హుడు కాడు. భోజనాలకు వేళయిందని కోశాధికారిగారు గడియారం చూపిస్తున్నారు.