పెంపుడు కుక్కలు – మిన్నల్లుల బాధ



కుక్క రాత్రియంతయు గోకికొనుచుండిన మనలో పెక్కుమంది దానిని కసరి వీథిలోనికి తఱుముదురు. మన యింటిలో పెరిగిన పీడకు మూగజంతువును శిక్షించుట న్యాయము గాదు. ఆ పీడను గుర్తించి తొలగించు విధమును గూర్చి, 30 ఏండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన నేను, నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

చర్మమును కఱచుకొని రక్తముతో ఉబ్బునది పిడుదు. మిన్నల్లి వేఱు. దానికి రెక్కలు లేవు, నువ్వుగింజకన్న పెద్దది గాదు, పట్టబోయిన దూకిపోవును. తోకమొదట సన్నని దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై నుంచుడు. ఎఱ్ఱని చాయ దిగెనా, అది మట్టి గాదు, మిన్నల్లి విసర్జించిన రక్తము. దువ్వెనకు చిక్కిన పురుగులను సబ్బునీట ముంచవలెను.

1898లో కరాచీయందు సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఎలుకల మిన్నల్లి ప్లేగును మోయునని చూపెను. కుక్కల మిన్నల్లి అంత ఘోరమైనది గాకున్నను, పొరపాటున దానిని మ్రింగిన పసిబిడ్డకు బద్దెపురుగు పట్టవచ్చును.

కుక్కపై కనబడునవి కొలదివే. ఆడుది దినమునకు 40 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి జారి చాపల మడతలలో, నేల నెఱ్ఱెలలో పడును. అచ్చట పెరిగిన పిల్లపురుగు గూడు కట్టుకొని నెలల తరబడి వేచియుండగలదు. తేమ దానికి ప్రాణము, ఎండ శత్రువు. కాలువలతో, వరిమళ్లతో నిండిన మన కృష్ణా డెల్టాలో వానకాలము దానికి పండుగ. కావున కుక్క పక్కగుడ్డలను వారమున కొకమాఱు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయుడు; మూలమూలలు ఊడ్వుడు. ఇట్లు మూడు నెలలు విడువరాదు.

ఒక హెచ్చరిక. మా వీథిలో ఒక గృహస్థు పైరునకు తెచ్చిన పురుగుమందును నీట కలిపి కుక్కకు పోసెను. ఒడలు నాకికొన్న యా కుక్క సాయంకాలమునకు మరణించెను. పొలము మందు పొలమునకే. పశువైద్యుని యడిగి, కుక్క బరువునకు తగిన మందునే వాడుడు. కుక్కకు పనికివచ్చు పెర్మెత్రిన్ పిల్లికి విషము.

స్వర్గద్వారమున ధర్మరాజు తన్ను నమ్మివచ్చిన కుక్కను విడువనొల్లకుండెను. మనకంత పరీక్ష లేదు. దువ్వెన, చీపురు, వైద్యుని మాట, మూడు నెలల ఓర్పు చాలును.