చెవి మరిగిన స్వరము

హెవీ మెటల్ వినే మన యువకుల భక్తిని కొందరు పెద్దలు శంకిస్తున్నారు. మనకది రేకుల మీద రాళ్ళు పడినట్లుంటుంది, నిజమే. అయితే రుచి చాలవరకు చిన్ననాట చెవి మరిగినదానిని బట్టి కుదురుతుంది. సాలూరుకు వచ్చిన బ్రెక్లుం మిషనెరీలు జర్మనీలో ఆర్గను మీద సాగే నిదానమైన పాటలతో పెరిగినవారు. పర్లాకిమిడి సీమవాసి పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) కర్ణాటక రాగతాళములలో కీర్తనలు కట్టారు. ఆ రాగములు అంతకుముందు దేవాలయములలోను, కచేరీలలోను మ్రోగినవే. నేడు అవి మన ఆరాధన. 1980లలో అమెరికాలో స్ట్రైపర్ బృందమువారు ఈ హోరుతోనే క్రీస్తును గురించి పాడారు. పాటలోని మాటలను పరీక్షిద్దాము. దూషణ ఉంటే కాదందాము. గిటారు మోత నచ్చలేదని మాత్రము ఏ పిల్లవానినీ గాయక బృందమునుండి తొలగించవద్దని సంఘ పెద్దలకు మా మనవి.