పేదవాని అప్పీలు



మేము ఉర్దూ మీడియం పంతుళ్లం, చట్టం చదివినవాళ్లం కాదు. అయినా వకీలు, వకాలత్‌నామా, ఫైసలా అనేవి మన ఇండ్లల్లోని మాటలే గనుక, కాగితం పట్టుకొని వచ్చినవారికి చదివి చెప్పడం మాకు అలవాటు. మొన్న నిడమనూరులో ఒక తల్లి వచ్చింది. సెషన్స్ కోర్టులో శిక్షపడి కొడుకు జైల్లో ఉన్నాడు. "సర్కారు పెట్టిన వకీలు అప్పీల్లో పస లేదన్నాడు సార్, ఇగ అయిపోయినట్టేనా?" అని అడిగింది.

మన జిల్లా సంగతే చూడండి. తెలంగాణ సాయుధ పోరాటం కేసుల్లో 1949లో స్పెషల్ ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసిన నల్గొండ జిల్లావాళ్లు, తమకు వకీలు లేకుండానే విచారణ జరిగిందని సుప్రీంకోర్టు దాకా పోయారు. లండన్ నుంచి ప్రిట్ దొర వచ్చి వాదించాడు. ఉరి కేసైనా వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951లో కోర్టు చెప్పింది.

ఆ తరువాత కాలం మారింది. 1976లో ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలో చేరింది. ఖైదీకి ఫైసలా నకలు ఉచితంగా ఇవ్వాలని, అప్పీలుకు వకీలును కూడా ఇవ్వాలని 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు తీర్పు చెప్పారు. 1987 చట్టం ప్రకారం, కస్టడీలో ఉన్నవానికి ఆదాయంతో పని లేకుండా ఈ హక్కున్నది.

మరి వకీలే పస లేదంటే? కొన్ని అప్పీళ్లలో నిజంగానే ఉండదు, వకీలును తప్పుపట్టలేము. కాని తేల్చవలసినది కోర్టు. అమెరికాలో ఆండర్స్ అనే ముద్దాయి వకీలు, పస లేదని ఒక ఉత్తరం రాసి ఊరుకున్నాడు. అది చాలదు, రికార్డంతా చదివి వాదించదగ్గ ముక్క ఏదైనా ఉంటే రాసిపెట్టి, ఆ తరువాతే తప్పుకుంటానని అడగాలని అక్కడి సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 1996లో బానీసింగ్ కేసులో, వకీలు రాకపోయినా రికార్డు చూడకుండా అప్పీలు కొట్టివేయరాదన్నది.

ఖైదీ జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. సెషన్స్ ఫైసలా మీద హైకోర్టుకు 60 రోజులు, ఉరిశిక్షైతే 30. మేజిస్ట్రేటు ఫైసలా మీద సెషన్స్‌కు 30 రోజులు. గడువు దాటితే కారణం చూపి మన్నించమని అడగాలి.

ఆ తల్లి కాగితం మీద తారీఖు లెక్కపెట్టినాము. 41 రోజులు పోయినయి, 19 మిగిలినయి. అయిపోలేదమ్మా అని చెప్పి, అప్పుడే దరఖాస్తు రాయించినాము. కొడుకు నిర్దోషి అవునో కాదో మాకు తెలియదు, అది కోర్టు చూసుకుంటుంది. చదువురాక గడువు దాటిపోవడం మాత్రం మన సంఘానికి తలవంపు. ప్రతి మొహల్లాలో చదువుకున్న పిల్లలు ఇద్దరు ఈ పనికి ముందుకు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.