చేతి అద్దకపు శుభాకాంక్షలు



గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పుస్తకపు తొలిపుట మీదను ఒక ఊదారంగు ముద్ర కనబడును. పుస్తకము చేతికందగానే గ్రంథపాలకుడు చేయు మొదటి పని ఆ ముద్ర వేయుటయే. తిరుగబడిన అక్షరములు గల చిన్న రబ్బరు తునక, సిరా పీల్చిన మెత్తని దిండు, చేతి ఒత్తిడి. ఇంతకుమించి అందులో ఏమియు లేదు. ఈ మూడింటితోనే పండుగనాడు ఆప్తులకు పంపదగిన శుభాకాంక్షల కార్డులను ఎవరికివారు ఇంటిలోనే చేసికొనవచ్చునన్న సంగతి పలువురికి తోచదు. ఈ ప్రసంగమునకు విషయమదియే.

తెలుగువారికి ఇది కొత్త కాదు. పెండ్లి శుభలేఖకు నాలుగు మూలల పసుపు అద్దనిదే పంపుట మన ఆచారము కాదు. పసుపులో ముంచిన వ్రేలే ఆ ఇంటి అచ్చు. అక్షరజ్ఞానము లేని ముదుసలి సైతము ఆ పసుపు చూడగానే కబురు మంచిదని గ్రహించి, ఉత్తరమును కన్నుల కద్దుకొని, పిదప చదివించుకొనును. కార్డునకు కావలసిన గుణము సరిగా అదియే. చదువకముందే అది మాటలాడవలెను.

ముద్రింపబడిన శుభాకాంక్షల కార్డు వాడుకకు వచ్చినది ఇంగ్లండులో. 1840లో ఆ దేశమున ఒక్క పెన్నీ తపాలా ఏర్పడినది. దేశములోపల దూరమెంతయైనను రుసుము ఒకటే. ఆ సంస్కరణకు పాటుపడిన వారిలో హెన్రీ కోల్ ఒకరు. ఉత్తరములు చౌక కాగానే క్రిస్మసునాటికి ఆయనకు వచ్చు ఉత్తరములు పెరిగినవి. అన్నింటికి స్వయముగా జవాబు వ్రాయుటకు తీరిక చిక్కలేదు. అందుచేత 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ యను చిత్రకారునిచే ఒక బొమ్మ గీయించి, రాతి అచ్చున ముద్రింపించి, చేతితో రంగులు వేయించెను. సుమారు వేయి ప్రతులు తీసిరి. ఒక్కొక్కటి షిల్లింగునకు అమ్మిరి. ఆనాటి కూలివానికి అది చిన్న మొత్తము కాదు. ఆ బొమ్మలో ఒక కుటుంబము విందు చేయుచు ద్రాక్షసారా త్రాగుచుండును. చిన్నబిడ్డ నోటికి కూడ గ్లాసు అందించుచుందురు. మద్యనిషేధము కోరువారు దానిపై మండిపడిరి. క్రిస్మసు కార్డు పుట్టుకయే తగవుతో జరిగినదన్న మాట! మన దేశమున పోస్టుకార్డు 1879 జూలై 1వ తేదీన, కానీ ధరకు, అనగా అణాలో నాలుగవ వంతునకు, వచ్చినది. ఆనాటినుండి బీదవాని క్షేమసమాచారము కూడ దేశమంతట తిరుగసాగెను.

అయితే ఈ విద్యను ఇంటింటి విద్యగా చేసికొన్నవారు జపానీయులు. అచ్చట పోస్టుకార్డు 1873లో వచ్చినది. డిసెంబరు నెలలో ముందుగా వేసిన నూతన సంవత్సరపు కార్డులను తపాలావారు భద్రపరచి, జనవరి 1వ తేదీ ఉదయమున ఒక్కుమ్మడిగా ఇండ్లకు అందింతురు. ఆ యేడు మరణము సంభవించిన ఇంటివారు ముందుగానే వేరొక కార్డు వ్రాసి, తమకు శుభాకాంక్షలు పంపవలదని వినయముగా తెలుపుకొందురు. పన్నెండేండ్ల చక్రములో ఆ సంవత్సరమునకు ఏ జంతువు వచ్చునో దాని బొమ్మను పిల్లలు దుంపమీద చెక్కి, రంగులో అద్ది, కార్డుమీద ఒత్తుదురు. ధనికుని కార్డుకును ఆ పిల్లవాని కార్డుకును తపాలా సంచిలో భేదము లేదు. 2003వ సంవత్సరమున 440 కోట్లకు పైబడి ముద్రింపబడిన ఆ తపాలా కార్డులు అటుపిమ్మట మొత్తముమీద తగ్గుచు వచ్చినవి. సెల్‌ఫోను అచ్చటను వచ్చినది మరి.

ఇక పని సంగతి. బంగాళాదుంపతో మొదలుపెట్టుట సుళువు. గట్టి దుంపను ఒకే కోతతో రెండుగా కోయవలెను. కత్తి రెండుమార్లు పడినచో ముఖము చదునుగా రాదు. కోసిన ముఖమును గుడ్డతో బాగుగా ఒత్తి తడి తీయనిచో సిరా అంటక జారిపోవును. దుంప అచ్చు ఆ పూటకు మాత్రమే, మరునాటికి ముడుచుకొనును. నిలువ ఉండవలెనన్నచో పెన్సిలు గీతలు చెరుపు రబ్బరు మేలు. పలుచని కాగితముమీద మెత్తని పెన్సిలుతో బొమ్మ గీసి, ఆ కాగితమును రబ్బరుపై బోర్లించి, గోటితో రుద్దినచో బొమ్మ తిరుగబడి రబ్బరుకు అంటును. దానిని చెక్కి అద్దినప్పుడు మరల సరియైన వైపునకు వచ్చును. అక్షరములను తలక్రిందులుగా ఊహించు శ్రమ ఇట్లు తప్పును. గీతకు ఇరుప్రక్కల కత్తిని ఏటవాలుగా దింపవలెను గాని గీత అడుగునకు పోనీయరాదు. అడుగు గుల్లయైన గీత నాలుగు ఒత్తులకే విరిగిపోవును. తెలుగు అక్షరములు గుండ్రనివి గనుక వంపు వచ్చినచోట కత్తిని కదలనీయక రబ్బరునే త్రిప్పుట ఉపాయము. కొత్తగా నేర్చువారు 'శుభాకాంక్షలు' అను మాటను చెక్కబూనుట అవివేకమే. ఆ క్షకారము లోపలి సందులు సిరాతో నిండి మసిబొట్టుగా మారును. బొమ్మను అచ్చుతో అద్ది, మాటను కలముతో వ్రాయుటయే అందము.

ముగ్గు వేయు చేతులకు ఈ పని పురుషులకన్న త్వరగా పట్టుబడుననుటలో సందేహము లేదు. చుక్కల మధ్య ఎడమును కొలబద్ద లేకుండ సమముగా ఉంచగల స్త్రీకి అచ్చు ప్రక్కన అచ్చు పొందించుట ఎంతపని? ఒక పద్మమునకు నాలుగవ పాలు మాత్రము చెక్కి, కార్డును పావుచుట్టు చొప్పున త్రిప్పుచు నాలుగుమార్లు అద్దినచో నిండు పద్మము విరియును. చెక్కుడు శ్రమ నాలుగవ వంతే.

సిరాకు అంగడికి పోనక్కరలేదు. ఊదారంగు ముద్రసిరా సులభముగా దొరకునది నిజమే. 1856లో ఇంగ్లండున విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు క్వినైను చేయబోయి తారునుండి ఊదారంగు తీసినది మొదలు అట్టి రంగులు చౌకయైనవి. కాని ముద్రసిరాలోని ఆ రంగు ఎండకు త్వరగా వెలిసిపోవును. గోడకు తగిలింపబడు కార్డునకు అది తగదు. ఆముదపు దీపముపై లోహపు పళ్లెమును బోర్లించి పట్టిన మసిని తుమ్మబంక నీటిలో చాలసేపు నూరినచో వచ్చు నలుపు ఎండకు చెదరదు. బంక హెచ్చైనచో ఆరిన పిదప పగుళ్లు వచ్చును. తగ్గినచో మసి చేతికి అంటును. పాత చిత్తుకాగితముమీద రెండు మూడు అద్దకములు వేసి చూచుకొనుటయే దీనికి తూకము. పసుపు నీటి రంగు కంటికింపైనది గాని నాలుగు నాళ్ల ఎండకు పాలిపోవును. దానికి సున్నము చేర్చిన ఎరుపు పారాణిగా అందరును ఎరిగినదే. సిరాను అచ్చుపై పోయరాదు. పళ్లెములో పాత నూలుగుడ్డను నాలుగు మడతలు పెట్టి, సిరాతో తడిపి, దానిపై అచ్చు నద్దవలెను. కార్డు క్రింద వార్తాపత్రిక మడత ఉంచినచో ఒత్తిడి అంతట సమముగా పడును. అచ్చును నిలువుగా దింపి నిలువుగానే ఎత్తవలెను.

ఇదంతయు పిల్లల ఆటయని తలచువారు ఒకమారు కృష్ణాజిల్లా పెడనకు పోయి చూడదగును. బందరు ప్రాంతపు కలంకారీ అద్దకమునకు టేకు కొయ్యపై అచ్చులు చెక్కువారు అచ్చట కలరు. కరక్కాయ పట్టించిన బట్టపై మొదట రేఖల అచ్చు, పిదప ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క నింపుడు అచ్చు పడును. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవము ఆ కరక్కాయతో కలిసి నలుపగును. పటిక అద్దినచోట ఎరుపు పట్టును. రేఖకు రేఖ వెంట్రుకవాసి తప్పకుండ పిడికిలితో అచ్చును మోదు ఆ చేతివాటము ఏండ్ల సాధనతో వచ్చినది. చౌకయైన స్క్రీన్ అద్దకము వచ్చిన పిదప చెక్కుడు పనివారికి పని తగ్గినది. ఒక అచ్చుకు పట్టు శ్రమకు తగిన ధర ఇచ్చువారు అరుదైనారు. గ్రంథాలయము పక్షమున ఒక చెరకుగడ, ఒక గొబ్బిపువ్వు, ఒక మామిడి తోరణము చెక్కించుకొనుట పెద్ద వ్యయము కాదు. చీరకు పనికిరాదని అరిగిన అచ్చును మూల పడవేసినను, కాగితమునకు అది చక్కగా పనికివచ్చును.

ఊరు విడిచి హైదరాబాదునకో, గల్ఫు దేశములకో, అమెరికాకో పోయినవారు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. పండుగనాడు వారికిని ఇంటివారికిని సెల్‌ఫోనులో వచ్చు బొమ్మలకు లెక్కలేదు. ఒకే దీపము, ఒకే పువ్వు, ఒకే వాక్యము వేయిమందికి పోవును. అందుకొన్నవాడు చూచియు చూడక మరియొకనికి త్రోయును. మాట వినిపింపజేయుటలో ఆ యంత్రమునకు సాటిలేదు; దానిని నిందించుట తగదు. కాని తల్లి పూజగదిలో దాచుకొనుటకు అందులో ఏమియు మిగులదు. కుమారుడు చెక్కిన వంకరపువ్వు మిగులును. దూరమున నున్న మనుమనికి తాతగారు తన చేతితో అద్దిన ఎద్దు బొమ్మ మిగులును. దాని కొమ్ము ఒకటి సరిగా పడలేదని ఆ మనుమడు ఏండ్ల తరబడి నవ్వుచునే ఉండును.

సంక్రాంతికి మూడు వారములు ముందుగా గ్రంథాలయపు వరండాలో ఒక బల్ల, నాలుగు అచ్చులు, రెండు పళ్లెముల సిరా ఉంచినచో చాలును. చిరునామాలు తెలిసిన పెద్దలు ఒకవైపు, అద్దు పిల్లలు ఒకవైపు కూర్చుందురు. అద్దిన కార్డులను ఆ రాత్రి ఒకదానిపై నొకటి పేర్చక త్రాటిపై ఆరవేయవలెను. తడి ఆరకముందు పేర్చినచో ఒకరి పువ్వు ఇంకొకరి వీపున అంటును. కొయ్య అచ్చును నీట నానవేయక తడిగుడ్డతో తుడిచి నీడన ఉంచవలెను. చిరునామా ప్రక్కన పోస్టాఫీసువారి నల్లని ముద్రకు కొంచెము చోటు విడిచిపెట్టుట మరువరాదు. వారును తమ అచ్చు వేయుదురు గదా.