జాఱిన వెన్నుపూస

నడుము నొప్పితో వచ్చినవారికి ఎక్స్‌రే చూపి, "పూస జాఱినది" అని మేము చెప్పగానే వారు బెదరుదురు. కొందరు ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తొక్కించుకొందురు. ఇది అపాయకరము. నడుమునందలి అయిదు పూసలలో తఱచుగా నాలుగవదియో అయిదవదియో క్రిందిదానిపై ముందునకు జరుగును. దానిని నొక్కి వెనుకకు నెట్టజాలము, నెట్టనక్కఱయు లేదు.

1932లో మెయర్డింగ్ అను అమెరికా వైద్యుడు ఈ జాఱుటను నాలుగు తరగతులుగా విభజించెను. క్రింది పూస వెడల్పులో పావువంతు మించనిది మొదటి తరగతి. అట్టివారిలో పెక్కుమందికి శస్త్రచికిత్స అవసరముండదు. కొన్నాళ్లు బరువులెత్తుట మాని, పిదప పొట్ట, నడుము కండరములకు తగిన వ్యాయామము చేసినచో నొప్పి తగ్గును. వారములకొలది మంచము పట్టియుండుట మేలుగాదు.

అయితే కాలు పట్టు తప్పినను, మూత్రము బిగిసినను, తెలియకయే పోయినను జాగుసేయక ఆనాడే ఆసుపత్రికి రావలెను.